అక్క సీటు

ఆ ఊళ్ళో విమానం ఎక్కాలంటే ముందు కాటా ఎక్కాలి. జడ్జిగారైనా సరే, జడ్జిగారి భార్య అయినా సరే, సంచీ చంకన పెట్టుకుని, రేకుల షెడ్డు మూలనున్న ఇనప పలక మీద నిలబడాల్సిందే. నిలబడి గోడకేసి తిరగాలి. వెనకాల ఇత్తడి గడ మీద గుండు జరుపుతూ ఒకావిడ ఉంటుంది. ఆవిడ పేరేమిటో ఎవరూ అడగలేదు. అందరికీ ఆవిడ కాటక్క.

ఆ కాటా ఆమె భర్త కలప అడితిలోది. దూలాలూ మేకుల బస్తాలూ తూచిన కాటా. ఆమె తమ్ముడికి విమానం కొనడం కోసం ఆయన అడితిని అమ్మేసినప్పుడు కలప పోయింది, రంపాలు పోయాయి, గుర్రబ్బండి పోయింది. ఎవరికీ అక్కర్లేక మిగిలింది కాటా ఒక్కటే. "ఇదెందుకూ, పారేద్దాం" అన్నాడాయన. "ఉండనివ్వండి" అంది ఆమె. అలా అది షెడ్డుకొచ్చింది. ఆయన్ని మాత్రం ఊళ్ళోవాళ్ళు అడితాయన అనడం మానలేదు.

"మొన్ననే తూచారు కదమ్మా, ఆ లెక్కే వేసుకోండి" అనేవాడు బట్టల షావుకారు.

"మొన్నటి మీరు వేరు, ఇవాళ్టి మీరు వేరు. భోంచేసి వచ్చారా?"

"చేశాననుకోండి."

"మరి! ఎక్కండి."

ఒక ప్లీడరు సంచీ బరువు తగ్గించాలని లావుపాటి పుస్తకాలన్నీ కోటు లోపల దాచుకుని వచ్చాడు. కాటా మీద నిలబడి ఊపిరి బిగబట్టాడు. "ఊపిరికి బరువుండదు ప్లీడరుగారూ, వదలండి. పుస్తకాలకే ఉంటుంది" అంది కాటక్క. షెడ్డంతా నవ్వింది. ప్లీడరు కూడా నవ్వాడు కానీ, పుస్తకాలు మాత్రం బయటికి తియ్యలేదు.

మొదట్లో బరువు పైకి చదివేవారు. ఒకసారి కచేరీలు చేసే పాటలావిడ కాటా ఎక్కింది. అడితాయన కలప తూచిన అలవాటు కొద్దీ గొంతెత్తి బరువు చదివాడు. ఆవిడ మొహం ఎర్రబడింది. దిగి, అటో ఇటో తెలియని మనిషిలా షెడ్డు గుమ్మం దాకా వెళ్ళిపోయింది. కాటక్క వెనకాలే పరుగెత్తి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఆ రోజునుంచీ కొత్త పద్ధతి పెట్టింది. ఎక్కినవాళ్ళు గోడకేసి తిరగాలి. గడ ఆమె తప్ప ఎవరూ చూడకూడదు. అందరి బరువులూ సంచులతో సహా మనసులోనే కూడుకుని, మొత్తం మాత్రం తమ్ముడి చెవిలో చెబుతుంది. విమానం మోయగలిగినదాంట్లో అది పోగా పెట్రోలు ఎంత పొయ్యాలో తమ్ముడు ఇంజన్లు చూసే మేస్త్రీని పిలిచి చెబుతాడు. ఆ తరవాతే విమానం పంకాలు తిరుగుతాయి.

పాటలావిడ మర్యాద కోసమే ఆ పద్ధతి పెట్టిందని అందరూ అనుకున్నారు. అది నిజమే. కానీ ఇంకో సంగతి కూడా ఉంది. ఎవరూ చూడకుండా కాటక్క ఒక్కొక్కరి లెక్కలోనూ బిందెడు నీళ్ళ బరువు కలిపేది.

ఎందుకు కలిపేదంటే, ఆమె పదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు వాళ్ళ నాన్న పడవ ఎక్కి వెళ్ళాడు. అవతలి రేవులో పని ఉందన్నాడు. తల్లిలేని పసివాడు తమ్ముడు ఆమె చంకలో ఉన్నాడు. వాడు ఏడుస్తుంటే వాణ్ణి ఊరడించడానికి ఆమె పక్కకి తిరిగింది. మళ్ళీ చూసేసరికి నాన్న జనంలో కలిసిపోయాడు. చెయ్యి ఊపాడో లేదో ఆమెకి తెలియదు. పడవ మలుపు దాటకముందే ఒరిగింది. ఒడ్డుకొచ్చినవాళ్ళు చెప్పింది ఒకటే మాట: "మోయగలిగిన దానికంటే ఎక్కించుకున్నారు." ఆ మాట ఆమె చెవిలో అలాగే ఉండిపోయింది. పెద్దయ్యాక ఎవరు ఊరెళ్తున్నా వాళ్ళు కనుమరుగయ్యేదాకా కదిలేది కాదు. బండి మలుపు తిరిగాక కూడా లేచిన దుమ్ము అణిగేదాకా చూసేది.

అలాంటి మనిషి పెంచిన పిల్లాడు విమానం నడపడం నేర్చుకుంటానన్నాడు. వద్దని ఏడ్చింది, అన్నం మానేసింది, చివరికి తనే ట్రంకుపెట్టె సర్ది పంపింది.

వాడు నేర్చుకుని తిరిగొచ్చి, బావతో అడితి అమ్మించి, విమానంతో దిగిన రోజు ఊరు ఊరంతా మైదానంలోనే ఉంది. చెక్కతోనూ గుడ్డతోనూ చేసిన విమానం. కిందొక జత పైనొక జత రెక్కలు, రెండు ఇంజన్లు, లోపల పేము కుర్చీలు. కొండల అవతల రేవు పట్నానికి రోజంతా పడవలో పోవాల్సిన దారి. దీనిలో అయితే పొద్దున్న బయల్దేరినవాడు అక్కడ పని చూసుకుని చీకటి పడకుండా ఇంటికొచ్చేస్తాడు.

"అక్కా, మొదటి ఖాళీ సీటు నీదే" అన్నాడు తమ్ముడు ఆ రోజు.

"అలాగేలేరా" అంది ఆమె.

అన్న మాట పోలేదు, ఖాళీ సీటూ పోలేదు. ఆమె కలిపే బరువులన్నీ కలిసి ఒక మనిషంత అయ్యేవి. దాంతో ప్రతి ప్రయాణంలోనూ ఆఖరి కుర్చీ దగ్గరికొచ్చేసరికి "ఇంక చాలు, నిండింది" అనేది కాటక్క. తలుపు పక్కనున్న ఆ కుర్చీ ఖాళీగానే ఎగిరేది, ఖాళీగానే దిగేది. దాన్ని అందరూ అక్క సీటు అన్నారు. అక్క మాత్రం అందులో ఒక్కసారీ కూర్చోలేదు. కూర్చుంటే ఖాళీ ఎక్కడిది?

"ఏమే, ఆ సీటు అమ్మితే మనం ఈపాటికి ఇంకో విమానం కొనేవాళ్ళం" అనేవాడు అడితాయన, అన్నం దగ్గర కూర్చున్నప్పుడల్లా.

"కొన్నాం కదా."

"ముందే కొనేవాళ్ళం అంటున్నా."

"ముందు కొంటే ముందు పాతబడేది. తినండి."

నిజంగానే రెండో విమానం కూడా వచ్చింది. దాంతోపాటు మీసాలాయన అనే రెండో పైలటూ వచ్చాడు. టపా మూటలు మోసే పని దొరికింది. షెడ్డుకి నీలం రంగు వేశారు, గోడ గడియారం పెట్టారు, కూర్చోవడానికి పొడుగు బల్లలు వేయించారు. ప్రయాణికులకి ఇంజన్ల మోత వినపడకుండా చెవుల్లో పెట్టుకోమని దూది ఉండలు చేసి డబ్బాలో పెట్టి ఇచ్చేది కాటక్క. దాంతోపాటు ఒక్కొక్కరికీ ఒక పిప్పరమెంటు. పెద్దవాళ్ళు పిప్పరమెంటు ఇంట్లో పిల్లలకని జేబులో దాచుకునేవారు. అందుకని రెండోది ఇచ్చేది. ఆ ఊళ్ళో ముసలివాళ్ళని ఇప్పుడు కదిపినా విమానం ఎలా ఉండేదో తరవాత చెబుతారు, ముందు ఆ పిప్పరమెంటు సంగతే చెబుతారు.

ఎక్కిన ప్రతివాళ్ళనీ సాగనంపడానికి ఎవరో ఒకరు వచ్చేవారు. పంకాలు తిరిగి గడ్డి అంతా ఒకవైపుకి వాలిపోయేది. కొంగులూ టోపీలూ పట్టుకుని అందరూ చెయ్యి ఊపేవారు. చక్రాలు నేల విడవగానే సగం మంది వెనక్కి తిరిగేవారు. అడితాయన అందరికంటే ముందు తిరిగేవాడు. "పోయిందిగా, ఇంక చూసేదేముంది?" అని. కాటక్క గాలి ఎటు వీస్తుందో చూపే గుడ్డ సంచి కట్టిన గుంజ దగ్గర నిలబడి ఉండేది. విమానం చుక్కై, ఆ చుక్క కూడా ఉందో లేదో తెలియనంతై, కళ్ళు నీళ్ళు కారి, అప్పుడు షెడ్డులోకి వచ్చేది.

ఒక రోజు సాయంత్రం రావలసిన విమానం రాలేదు. కొండల మీంచి మంచు దిగి మైదానాన్ని కప్పేసింది. గుంజ దగ్గర నిలబడితే షెడ్డే కనపడడం లేదు. ఎక్కడో పైన మోత వినిపించింది, దూరమైంది, మళ్ళీ వినిపించింది, మళ్ళీ పోయింది. అడితాయన షెడ్డులో ఆ మూలకీ ఈ మూలకీ తిరిగి, చివరికి ఎవరూ చూడకూడదని గోడ గడియారం మీద తువ్వాలు కప్పేశాడు. పెట్రోలు ఎంతసేపు వస్తుందో అందరికీ తెలుసు. ఆ సమయం దాటిపోయిందనీ తెలుసు. మేస్త్రీ మాత్రం బల్ల మీద కూర్చుని పానని గుడ్డతో తుడుస్తున్నాడు. తుడిచిందే తుడుస్తున్నాడు.

"మేస్త్రీగారూ, ఏమైనా అనండి" అంది కాటక్క.

"వస్తాడమ్మా."

"ఎలా చెబుతారు?"

"వస్తాడని చెబుతున్నాగా" అన్నాడాయన, తల ఎత్తకుండా.

మంచు పలచబడింది. మోత దగ్గరైంది. విమానం గడ్డి మీద రెండు గంతులు వేసి ఆగింది. ప్రయాణికులు ఒకరి భుజాలొకరు పట్టుకుని దిగారు. తమ్ముడు చివర దిగి, "ఆకలేస్తోందక్కా" అన్నాడు. ఆమె వాడి చెంప మీద ఒకటి కొట్టి, అదే చేత్తో తల నిమిరింది. పెట్రోలు ఎలా సరిపోయిందని అడగలేదు. వచ్చాడు, అంతే చాలు.

తరవాత కొన్నాళ్ళకి ఊరికి అవతలివైపు పెద్ద కంపెనీ వాళ్ళొచ్చారు. సిమెంటు బాట వేశారు. వాళ్ళ విమానం లోహంతో చేసింది, తళతళలాడేది, లోపల మెత్తటి కుర్చీలు. అన్నిటికంటే పెద్ద సంగతి, అక్కడ మనుషుల్ని తూచేవారు కాదు.

పాటలావిడే ఆ సంగతి చెప్పింది. కాటక్క చెయ్యి పట్టుకుని, "ఏమనుకోకు. అక్కడ టిక్కెట్టు చూసి నమస్కారం పెట్టి లోపలికి పంపుతారు. నువ్వు పైకి చదవవు, నిజమే. అయినా కాటా కాటాయే కదా" అంది. అని, దూది డబ్బాలోంచి రెండు ఉండలు తీసుకుని వెళ్ళింది, అక్కడ ఇవ్వరని.

ఆ రోజు అన్నం దగ్గర అడితాయన తేల్చేశాడు. "కాటా తీసేద్దాం."

"తీసేస్తే?"

"జనం వస్తారు."

"వస్తారు. వచ్చి?"

"నీతో వాదించలేను. రేపు తీయిస్తా."

మర్నాడు కూలీలు వచ్చేసరికి కాటక్క పీట వేసుకున్నట్టు కాటా మీద కూర్చుని దూది ఉండలు చేస్తోంది. కూలీలు అడితాయన వైపు చూశారు. ఆయన తమ్ముడి వైపు చూశాడు. తమ్ముడు నీళ్ళు నమిలాడు. "ఎంత బరువుందో చూడండి, మోయగలరేమో" అని మేస్త్రీ అనేసరికి కాటక్కకే నవ్వొచ్చి లేచింది. కాటా షెడ్డు వెనక్కి పోయింది. అయితే లాభమేముంది? ఆమె అప్పటినుంచి కంటితోనే తూచేది. మనిషిని కిందినుంచి పైదాకా చూసి, బిందెడు కాదు, బిందెన్నర కలిపేది. చూపుతో తూయించుకోవడం కంటే కాటానే నయమని బట్టల షావుకారు గొడవ చేస్తే మళ్ళీ లోపలికి తెచ్చారు.

టపా మూటలు పెద్ద కంపెనీకి పోయాయి. మీసాలాయన కూడా అక్కడికే పోయాడు, పోయేముందు కాటక్క కాళ్ళకి దణ్ణం పెట్టి మరీ పోయాడు. రెండో విమానాన్ని విప్పి ముక్కలుగా అమ్మారు. షెడ్డు నీలం రంగు పెచ్చులూడింది. కొన్ని రోజులు ఒక్క ప్రయాణికుడే వచ్చేవాడు. ఆ ఒక్కణ్ణీ తూచి, బిందెడు కలిపి, తమ్ముడి చెవిలో చెప్పేది ఆమె. అన్ని కుర్చీలూ అక్క సీట్లే అయిపోయాయి.

చివరికి ఎక్కడో చాలా దూరాన పొలాల మీద పురుగుమందు చల్లేవాళ్ళు విమానాన్ని, షెడ్డులోని విడి సామాన్లతో సహా కొన్నారు. నడిపేవాడు కూడా కావాలన్నారు. తమ్ముడే ఆ సామాన్ల పెట్టెలన్నీ వేసుకుని తోలుకెళ్ళి అప్పగించి, అక్కడే పనిలో ఉండిపోవాలి. రేవు పట్నంలో దిగి పెట్రోలు పోయించుకుని అటునుంచి అటే పోతాడు.

బయల్దేరే రోజు పొద్దున్న షెడ్డులో నలుగురే ఉన్నారు. అక్క, తమ్ముడు, అడితాయన, మేస్త్రీ.

"అక్కా, రా. రేవు పట్నం దాకా. అక్కణ్ణించి కొత్తగా వేసిన రైలెక్కి వచ్చేద్దువుగాని" అన్నాడు తమ్ముడు.

"నాకెందుకురా?"

"మొదటి ఖాళీ సీటు నీదేనన్నాగా. ఇంక నీకిచ్చేందుకు నా దగ్గర సీటుండదు."

"వద్దు. ఎంత తేలిగ్గా ఉంటే అంత మంచిది. నువ్వొక్కడివే హాయిగా పో."

"అక్కా..."

"వద్దన్నానా! ఇన్నేళ్ళూ నేను ఆ సీటు ఖాళీగా ఎందుకు పంపాననుకున్నావురా? తేలిగ్గా పోయి తేలిగ్గా రావాలనే. ఇవాళ నేనే ఎక్కి బరువెయ్యనా?"

మేస్త్రీ గొంతు సవరించుకున్నాడు. తమ్ముడు వద్దన్నట్టు చూశాడు. మేస్త్రీ ఆగలేదు.

"అమ్మా, అది ఒక్కరోజు కూడా తేలిగ్గా పోలేదమ్మా."

"అంటే?"

"మీరు చెవిలో లెక్క చెప్పిన మొదటి రోజే ఈయనకి తెలిసిపోయింది. ఆరుగురు మనుషులు చూస్తే అంత ఉండరు, మీరేమో అంత చెప్పారు. నన్ను పక్కకి పిలిచి, అక్క కలిపిందంతా పెట్రోలు పొయ్యి అన్నాడు. రోజూ అలాగే పోశాను. ఎంత మోయగలదో అంతా నిండుగా మోసుకునే పోయింది."

కాటక్క కాటా పక్కన బల్ల మీద కూలబడింది. నిండుగా! రోజూ నిండుగానే! తను గుంజ దగ్గర నిలబడి, తేలిగ్గా పోతోంది, తేలిగ్గా పోతోంది అనుకున్న ప్రతి రోజూ!

"నన్ను మోసం చేశావురా" అంది చివరికి.

"నువ్వు నన్ను చెయ్యలేదూ?" అన్నాడు తమ్ముడు. ఆమె ముందు గొంతుక్కూచున్నాడు. "తేలిక నాకెందుకక్కా? ఇంకాసేపు పైన ఉండగలగడం కావాలి గాని. ఆ మంచు రోజు గుర్తుందా?"

ఆమెకి గుర్తుంది. దగ్గరై దూరమైన మోత, గడియారం మీద తువ్వాలు, మేస్త్రీ చేతిలో పాన.

"ఆ రోజు ట్యాంకు విప్పి చూస్తే గుడ్డ తడవడానికి కూడా సరిగ్గా లేదమ్మా" అన్నాడు మేస్త్రీ. "మీరు కలిపిందే ఆయన్ని పైన నిలబెట్టింది."

ముందు తేరుకున్నవాడు అడితాయన.

"ఒరేయ్, మరి నాకెందుకు చెప్పలేదురా?"

"చెబితే పెట్రోలు తగ్గించి ఆ సీటు అమ్మేసేవాడివి బావా."

అడితాయన నోరు తెరిచి, మూసి, "అమ్మేసేవాణ్ణే" అని ఒప్పుకున్నాడు.

కాటక్క లేచింది. కొంగు నడుముకి దోపి, సంచీ చంకన పెట్టుకుని, ఎప్పుడూ ఎక్కని కాటా ఎక్కింది. గోడకేసి తిరిగింది. ఆ గోడ మీద ఇన్నేళ్ళుగా జనం చూసి చూసి వదిలేసిన పెచ్చు ఒకటి కుందేలు ఆకారంలో ఉందని ఆమెకి అప్పుడే తెలిసింది.

"ఎవరూ చూడకండి. మీరు తూచండి" అంది భర్తతో.

అడితాయన గుండు జరిపాడు. గొంతెత్తబోయి ఆగాడు. బావమరిది దగ్గరికి వెళ్ళి చెవిలో చెప్పాడు. తమ్ముడు నవ్వాడు.

"ఎంత చెప్పారు?" అంది ఆమె, గోడ వైపునుంచే.

"నువ్వు చెప్పేంత" అన్నాడాయన.

ఆమె అక్క సీట్లో కూర్చుంది. పేము మిగతా కుర్చీల్లో నలిగి నల్లబడింది, ఇందులో మాత్రం కొత్తదానిలా పసుపుగా ఉంది. ఊరందరికీ దూది పంచిన మనిషి తనకి తెచ్చుకోవడం మర్చిపోయింది. అడితాయన మెట్టెక్కి రెండు ఉండలు ఆమె చెవుల్లో కుక్కాడు. పిప్పరమెంటు చేతిలో పెట్టాడు. ఏదో అన్నాడు. దూదిలోంచి వినపడలేదు. తిరిగొచ్చాక అడగాలనుకుంది.

పంకాలు తిరిగాయి. గడ్డి వాలింది. కుదుపులు కుదుపులుగా పరుగెత్తి, ఒక్కసారి కుదుపులు ఆగిపోయాయి. ఆమె కళ్ళు గట్టిగా మూసుకుంది. తెరిచేసరికి షెడ్డు అగ్గిపెట్టెంత ఉంది. గుంజ దగ్గర ఒక మనిషి నిలబడి ఉన్నాడు. చక్రాలు లేవగానే వెనక్కి తిరిగే మనిషి, చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాడు.

ముందునుంచి తమ్ముడు మెడ తిప్పి, వేలు కిందికి చూపిస్తూ ఏదో అరిచాడు. ఈ మాట వినాల్సిన పని లేకపోయింది. నువ్వు రోజూ అక్కడే కనపడేదానివి అంటున్నాడు. వెళ్ళేవాళ్ళు వెనక్కి చూడరనీ, చూసేది నిలబడ్డవాళ్ళేననీ ఆమె అనుకునేది. నాన్న కూడా జనంలోంచి ఆమెని చూసే ఉంటాడు. పసివాణ్ణి చంకనేసుకుని పక్కకి తిరిగిన పిల్లని. పిప్పరమెంటు నోట్లో వేసుకుంది. కొండ అడ్డొచ్చేదాకా గుంజ దగ్గరి మనిషిని చూసింది.

రేవు పట్నం మైదానంలో గాలికి ఉప్పు వాసన ఉంది. ఇద్దరూ దిగారు. పెట్రోలు పోసే కుర్రవాడు గొట్టం లాక్కొచ్చాడు.

"ఎంత పొయ్యమంటారు సార్?"

తమ్ముడు అక్క వైపు చూశాడు. దూరం ప్రయాణం. దారిలో కొండలున్నాయి, మంచు ఉంటుంది. గుంజ దగ్గర నిలబడడానికి అక్కడ ఎవరూ ఉండరు. ఆమె దూది తీసి పిడికిట్లో పెట్టుకుంది. ఇంటి దగ్గరనుంచీ గుండెల్లో కట్టుకొచ్చిన మాట, పోవద్దురా అనే మాట, నాలుక చివరిదాకా వచ్చింది. మునివేళ్ళ మీద నిలబడి వాడి చెవిలో చెప్పింది.

"రోజూ పోసేదంతా పోయించుకో. ఆ పైన, నేను దిగాను కదా. నేనెంతో అంతా పోయించుకో."

వాడు కుర్రవాడి వైపు తిరిగాడు. "మా అక్కంత ఎక్కువ పొయ్యి."

కుర్రవాడు ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "అంటే ఎంత సార్?"

"బావ చెప్పిన లెక్కా, నిజం లెక్కా?" అని అడిగాడు తమ్ముడు.

"మీ బావ చెప్పిందే" అంది కాటక్క.

విమానం కదిలింది. సామాన్లతో, పెట్రోలుతో బాగా నిండిన విమానం, నేల విడవడానికి మామూలు కంటే ఎక్కువ దూరం పరుగెత్తింది. మైదానం చివరి కంచె దగ్గరవుతోంది. పక్కన కుర్రవాడు "అయ్యో, బరువెక్కువైందేమోనమ్మా" అన్నాడు.

"సరిపోతుంది బాబూ" అంది ఆమె. "నేను తూచాను."

చక్రాలు కంచె మీంచి లేచాయి.